గోడలో నిలిచిన గాలి

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా నాయనమ్మ ఇంట్లో ఒక గది తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసి ఉంచేది. లోపల నేలంతా వరిగడ్డి పరిచి, దాని మీద మామిడికాయలు, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. మూడో నాటికో నాలుగో నాటికో వాసన మొదలయ్యేది. పెద్దవాళ్లు కునుకు తీసే వేళ మేం పిల్లలం వెళ్లి గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చేవాళ్లం. పండు తగలకముందే వెచ్చదనం తగిలేది. ఆ వెచ్చదనం కాయలది. మాగే కాయ ఊపిరి పీలుస్తుంది, ఆ ఊపిరితో కాస్త వేడి వదులుతుంది. ఆ కాస్త వేడినీ బయటికి పోనివ్వకుండా పట్టుకుని కూర్చునేది గడ్డి.

ఇళ్లు కట్టే పనిలో ముప్పై ఏళ్లు గడిపాక, ఆ గదిలో నా చేతికి తెలిసిన సంగతిని ఇంజనీరుగా మళ్లీ నేర్చుకున్నాను. ఇవాళ దాని గురించే చెబుతాను. గడ్డితో గోడలు కట్టిన ఇళ్ల గురించి, ఆ గోడలు ఏళ్ల తరబడి మిగిల్చే బొగ్గు గురించి, కరెంటు గురించి.

గడ్డి కప్పు మనకు కొత్త కాదు. మట్టిలో గడ్డి తొక్కి గోడ పెట్టడమూ కొత్త కాదు. నేను చెప్పేది వేరే పద్ధతి. కోత అయ్యాక మిగిలిన ఎండుగడ్డిని యంత్రం గట్టిగా అదిమి, రెండు చోట్ల తాడు బిగించి, పెట్టెలాగా చేసి పడేస్తుంది. సుమారు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 14 అంగుళాల ఎత్తు. బరువు 20 కిలోలకు అటూ ఇటూ. పత్తి బేళ్లలాగా వీటినీ బేళ్లు అనొచ్చు, నేను గడ్డికట్టలు అంటాను. వీటిని ఇటుకల్లాగే వరస మీద వరస పేరుస్తారు, కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా. తరువాత లోపలా బయటా మట్టితో గాని సున్నంతో గాని దళసరిగా మెత్తుతారు. పని పూర్తయ్యాక అది గడ్డిగోడ అని చూసినవాళ్లకు తెలియదు. కిటికీ దగ్గర మాత్రం బయటపడుతుంది. ఆ కిటికీ గూట్లో పిల్లవాడు కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చోగలడు, గోడ అంత మందం.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, శాండ్‌హిల్స్ అనే ఇసుకదిబ్బల సీమలో. అక్కడ కనుచూపు మేర గడ్డే, చెట్టు లేదు. ఇంటికి కలప కావాలంటే దూరం నుంచి రావాలి. నెబ్రాస్కాలో మిగతా చోట్ల కొత్తగా వచ్చిన రైతులు గడ్డివేళ్లతో బిగుసుకున్న మట్టిపెళ్లలు కోసి వాటితో ఇళ్లు కట్టుకున్నారు. ఇసుకదిబ్బల్లో ఆ పెళ్ల నిలవదు, రాలిపోతుంది. 19వ శతాబ్దం చివరికి గడ్డి అదిమే యంత్రాలు ఆ ప్రాంతానికి చేరాయి. 1904లో వచ్చిన కింకెయిడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 640 ఎకరాల దాకా ఇస్తాననడంతో జనం మరింతగా దిగారు. చుట్టూ గడ్డి, చేతిలో యంత్రం, ముందు చలికాలం. ఈ ఏటికి గడ్డికట్టల మధ్య తలదాచుకుందాం, డబ్బు చేతికొచ్చాక కలపతో అసలైన ఇల్లు కట్టుకుందాం అనుకున్నారు వాళ్లు. ఒక చలికాలం గడిచేసరికి చాలామందికి ఆ ఇల్లు వదలబుద్ధి కాలేదు. గోడలకు ప్లాస్టరు వేసి అందులోనే ఉండిపోయారు.

ప్లాస్టరు వేయకపోతే ఏమవుతుందో కూడా వాళ్లు చూశారు. 19వ శతాబ్దం చివర్లో బేయార్డ్ అనే ఊరి దగ్గర గడ్డికట్టలతో ఒకే గది ఉన్న బడి కట్టారు. గోడలు అలాగే వదిలేశారు. కొన్నేళ్లకు ఆ బడిని ఆవులు మేసేశాయని అక్కడివాళ్లు చెబుతారు. 1928లో ఆర్థర్ అనే ఊళ్లో రై గడ్డికట్టలతో కట్టిన చర్చి మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. దాని గోడలు రెండడుగుల మందం. ఫ్రాన్సులో మోంతార్జీ పట్టణంలో ఫ్యొయెత్ అనే ఇంజనీరు 1920లో కలప చట్రం నిలబెట్టి, అందులో గడ్డికట్టలు నింపి ఇల్లు కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఇళ్లు దొరకని కాలం అది. ఆ ఇల్లూ ఉంది. ఆ దేశపు గడ్డి కట్టడాల జాతీయ కేంద్రం ఇప్పుడు అక్కడే నడుస్తోంది. నూరేళ్లు దాటిన గడ్డి ఆ గోడల్లో ఉంది. దీర్ఘకాలపు ఆదా అని నేను అనేటప్పుడు నా మనసులో ఉండేవి ఈ కట్టడాలే.

ఆదా ఎక్కణ్ణుంచి వస్తుంది? గాలి నుంచి. కదలని గాలి వేడిని మోయలేదు. కదిలే గాలి మోసుకుపోతుంది. చలికాలంలో తోడుపెట్టిన పాలగిన్నెకు గుడ్డ చుడతాం, పిచ్చుక చలికి ఈకలు ఉబ్బించి బంతిలా కూర్చుంటుంది. రెండు చోట్లా పని చేసేది మధ్యలో చిక్కుకున్న గాలే. గడ్డిపోచ లోపల గుల్ల, పోచకూ పోచకూ నడుమ సందు. అదిమి కట్టిన కట్టలో లక్షల చోట్ల గాలి కదలడానికి వీల్లేకుండా ఇరుక్కుపోతుంది.

ఈ విషయాన్ని అంకెల్లో తేల్చడానికి అమెరికాలో కొంతకాలం పట్టింది. ఆ కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో తప్పూ, దిద్దుబాటూ రెండూ ఉన్నాయి. వేడికి గోడ ఎంత అడ్డు నిలుస్తుందో చెప్పడానికి అక్కడ ఆర్ విలువ అని ఒక కొలత వాడతారు. అంకె పెద్దదైతే అడ్డు ఎక్కువ. మొదట్లో గడ్డిగోడ విలువ 50 దాకా ఉంటుందని ఆశపడ్డారు. 1990ల నడుమ టెనెసీలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో గోడ కట్టి కొలిస్తే 17 వచ్చింది. గడ్డి ఇళ్లవాళ్లు నీరుగారిపోయారు. తీరా ఆ గోడను పరీక్షగా చూస్తే, గడ్డికీ పైన బిగించిన పలకకూ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీలో గాలి తిరుగుతోంది. వేడిని ఇటు నుంచి అటు మోస్తోంది. 1998లో మళ్లీ కట్టారు. ఈసారి సందు లేకుండా గడ్డికే అంటుకునేలా ప్లాస్టరు మెత్తి, బాగా ఆరనిచ్చి కొలిచారు. 27.5 వచ్చింది. కలలుగన్న 50 రాలేదు, భయపెట్టిన 17 నిలవలేదు. రెండూ గడ్డిగోడలే. ప్రధానమైన తేడా కట్టిన తీరులోనే. ఆ తేడా ఇంట్లో ఉండేవాళ్ల బిల్లులో ఏటేటా కనిపిస్తుంది.

మన 9 అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరుతో కలిపి, ఇదే కొలతలో దాదాపు 3. అంటే గడ్డిగోడలో అడ్డు తొమ్మిది, పది రెట్లు.

దీన్ని మన ఎండల్లో పెట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండ తగిలే గోడలన్నీ కలిపి 100 చదరపు మీటర్లు ఉన్న ఇల్లు అనుకుందాం. బయటికీ లోపలికీ 10 డిగ్రీల తేడా, రోజుకు 10 గంటలు. ఇటుక గోడలోంచి లోపలికి దిగే వేడిని కరెంటు భాషలో చెబితే 20 యూనిట్లు. గడ్డిగోడలోంచి 2 యూనిట్లు. ఒక యూనిట్ కరెంటుతో ఏసీ సుమారు 3 యూనిట్ల వేడిని బయటికి తోడుతుంది. కాబట్టి మిగిలేది రోజుకు 6 యూనిట్ల కరెంటు. ఎండాకాలం 100 రోజులు అనుకుంటే ఏడాదికి 600. ముప్పై ఏళ్లకు 18,000. ఇది ఇల్లంతా చల్లబరిచే ఇంటికి వేసిన మోటు లెక్క. ఒక్క పడకగదిలోనే ఏసీ వేసుకునేవాళ్లకు మిగిలేది తక్కువ. కాని లెక్క నడిచే దారి ఇదే.

ఈ లెక్కలో కనబడని సంగతి ఒకటి మన అందరికీ అనుభవమే. మే నెలలో రాత్రి పదింటికి పడమటి గోడకు అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. పగలంతా ఎండను తాగిన ఇటుక, మనం పడుకునే వేళకు దాన్ని మెల్లగా గదిలోకి వదులుతుంది. మా మామయ్య పెంకుటిల్లు విప్పించి స్లాబు వేయించింది నేనే. మట్టిగోడలు తీసి ఇటుక గోడలు పెట్టించిందీ నేనే. అప్పట్లో అదే మంచిదని నమ్మాను. రెండో ఎండాకాలం ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, పాత ఇంట్లో రోహిణి కార్తెలో కూడా మధ్యాహ్నం పడుకునేవాళ్లం రా, ఇప్పుడు రాత్రిళ్లు కూడా నిద్ర లేదు" అన్నారు. ఆయన కోపంతో అనలేదు. అందుకే ఆ మాట ఇన్నేళ్లుగా నాతో ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు రెండు ఏసీలు ఉన్నాయి.

ఏసీతో కొనే ఆదాకూ గోడతో కొనే ఆదాకూ ఉన్న తేడా నాకు అక్కడే అర్థమైంది. ఐదు నక్షత్రాల ఏసీ కొంటే కరెంటు మిగులుతుంది, నిజమే. పదేళ్లకో పన్నెండేళ్లకో అది పాతబడుతుంది, ఆ ఆదాను మళ్లీ కొనుక్కోవాలి. కరెంటు పోతే అది ఆగిపోతుంది. గోడలో ఇరుక్కున్న గాలికి సర్వీసింగ్ లేదు, కరెంటు కోతతో పని లేదు. కొడుకు కాలానికీ, మనవడి కాలానికీ అదే పని చేస్తుంది.

చలిదేశాల్లో ఈ ఆదా ఎంత బరువైనదో ఈశాన్య చైనాలో చూడొచ్చు. హైలాంగ్‌జియాంగ్ లాంటి ప్రాంతాల్లో చలికాలం రాత్రి సున్నాకు 30 డిగ్రీల కిందికి పోతుంది. పల్లెల్లో ఇటుక ఇళ్లు. ఇంట్లో కాంగ్ అనే ఇటుక అరుగు ఉంటుంది, పొయ్యి సెగ దాని కిందుగా పోతుంది, కుటుంబమంతా దాని మీదే పడుకుంటారు. దానికి ఆహారం బొగ్గు. పేదరైతు సంపాదనలో పెద్ద వాటా ఆ బొగ్గే తినేస్తుంది. అడ్రా అనే సేవాసంస్థ, కెల్లీ లెర్నర్ అనే అమెరికన్ వాస్తుశిల్పితో కలిసి, అక్కడి పల్లెల్లో గడ్డికట్టల ఇళ్లు కట్టించింది. 600కు పైగా ఇళ్లయ్యాయి. ఆ పనికి 2005లో వరల్డ్ హాబిటాట్ పురస్కారం వచ్చింది. ఇటుక ఇళ్లతో పోలిస్తే ఈ ఇళ్లలో బొగ్గు వాడకం 68 శాతం దాకా తగ్గిందని నమోదైంది.

68 శాతాన్ని శాతంగా వింటే దాటిపోతాం. మూడు బస్తాలు కాల్చే ఇంట్లో ఒక్క బస్తాతో గడుస్తుంది. రెండు బస్తాల డబ్బు చేతిలో ఉంటుంది. రెండు బస్తాల పొగ పిల్లల గొంతులోకి పోదు. అక్కడి ఇళ్ల గోడల్లో పెట్టింది వాళ్ల పొలాల గడ్డే. బొగ్గు కొనలేని ఇంటికి ఇలాంటి గోడ దొరకడం కంటే పెద్ద సాయం నాకు తోచదు.

ఇక మన దగ్గర. ఇక్కడ నేను తొందరపడి మాట ఇవ్వను. ఒక అంతస్తు ఇంట్లో ఎండ ఎక్కువగా దిగేది కప్పు నుంచి. స్లాబును ఎండకు వదిలేసి గోడల్లో గడ్డి పెట్టుకుంటే, కిటికీలు మూసి వీధి తలుపు బార్లా తీసినట్టే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత, పలకల లాంటివి కప్పు మీద ఉండాలని దాని ఉద్దేశం. ముందు కప్పు, తరువాత పడమటి గోడ, ఆ తరువాత మిగతావి. నన్ను అడిగితే వరస ఇదే.

గడ్డి అనగానే అందరూ మొదట అడిగేది నిప్పు. వాము అంటుకుంటే ఊరంతా బిందెలతో పరుగెత్తిన జ్ఞాపకం మనకు ఉంది కదా. విడిగడ్డి భగ్గుమంటుంది. అదిమిన కట్టలోకి గాలి దూరదు, గాలి లేక మంట నిలవదు. అమెరికాలో జరిగిన అధికారిక పరీక్షల్లో మట్టి ప్లాస్టరు వేసిన గడ్డిగోడ గంటసేపు, సిమెంటు సున్నం కలిపి వేసిన గోడ రెండు గంటలు మంటకు నిలిచాయి. ఇల్లు కట్టే రోజుల్లోనే ప్రమాదం. నేల మీద రాలిన గడ్డిని ప్రతి సాయంత్రం ఊడ్చి తీసేయాలి, ఆ చుట్టుపక్కల బీడీ కూడా వెలిగించకూడదు.

గడ్డికి అసలు శత్రువు నీరు. గడ్డి బరువులో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పడుతుంది, తరువాత కుళ్లుతుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ నిబంధన దగ్గర ఎన్ని తిప్పలు పడ్డారో మన రైతులకు చెప్పనక్కరలేదు. గోడలో పెట్టే గడ్డికీ అంత జాగ్రత్త కావాలి. కోసిన గడ్డి బాగా ఎండాలి, కట్ట కట్టాక వానచుక్క తగలకూడదు, నేల మీది చెమ్మ కిందినుంచి ఎక్కకూడదు. మన పాత ఇళ్లు కట్టిన మేస్త్రీలకు ఇది తెలిసినట్టే ఉంటుంది. ఎత్తయిన అరుగు, మనిషి వంగి వెళ్లాల్సినంత కిందికి దిగిన చూరు, చుట్టూ వసారా. ఆ మూడూ ఉన్న ఇంట్లో గోడ తడవదు. అరుగు లేని ఇంట్లో, చూరు లేని డాబా కింద గడ్డిగోడ కట్టొద్దు. పైన మెత్తే పూత కూడా మట్టి, సున్నం లాంటిదైతే లోపల చేరిన చెమ్మ మెల్లగా బయటికి పోతుంది. పూర్తిగా సిమెంటుతో మూసేస్తే ఎక్కడో ఒక పగులులోంచి దిగిన నీరు మళ్లీ బయటికి రాలేదు. స్నానాల గది గోడ మాత్రం ఇటుకే.

చెదల మాట కూడా చెప్పాలి. వరిగడ్డిలో ఇసుక జాతి పదార్థమైన సిలికా ఎక్కువ. అందుకే అది గోధుమగడ్డి కంటే ఆలస్యంగా కుళ్లుతుంది. అంతమాత్రాన మన చెదలు ఊరుకుంటాయని నేను భరోసా ఇవ్వలేను. పునాది మీద చెదలకు అడ్డు వేయకుండా మొదలు పెట్టకూడదు. తుపాను వాన అడ్డంగా కొట్టే సముద్రతీరంలో నేనైతే కట్టమనను. నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు పొడినేలల్లో ప్రయత్నించవచ్చని నా ఆలోచన.

కట్టే ఖర్చు బాగా తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంటి ఖర్చులో గోడలు ఒక వాటా మాత్రమే. పునాది, కప్పు, తలుపులు, కరెంటు, పైపులు ఎలాగూ తప్పవు. పూత మెత్తడానికి మనుషుల రోజులు ఎక్కువే పడతాయి. లాభం ఇంట్లో దిగిన తరువాత మొదలవుతుంది.

గడ్డి గురించి ఇంకో మాట. కాలిఫోర్నియాలో శాక్రమెంటో లోయ వరికి పేరు. అక్కడ కోత అయ్యాక గడ్డి తగలబెట్టేవారు, లోయంతా పొగ. 1991లో ఆ మంటలను ఏడాదికేడాది తగ్గిస్తూ పోవాలని చట్టం చేశారు. 1995లో గడ్డికట్టల ఇళ్లకు అక్కడి శాసనసభ దారి తెరిచింది. కొందరు ఆ వరిగడ్డినే గోడల్లో పెట్టారు. మన దగ్గర వరికోత యంత్రం వచ్చాక గడ్డి మడిలోనే చెదిరి పడిపోతోంది. రెండో పంటకు టైము లేదని చాలాచోట్ల నిప్పు పెడుతున్నారు. ఎండుగడ్డి బరువులో దగ్గరదగ్గర 40 శాతం కార్బన్. కాలిస్తే అదంతా ఒక సాయంత్రంలో ఆకాశంలోకి పోతుంది. గోడలో పెడితే ఆ ఇల్లు ఉన్నన్నాళ్లూ అక్కడే ఉంటుంది. పైగా ఆ గోడకు కాల్చాల్సిన ఇటుకలూ మిగులుతాయి.

అయితే పశువు నోటి దగ్గరి గడ్డి తీసి గోడలో పెట్టమని నేను చెప్పను. కరవు ఏడాదిలో రాయలసీమ రైతుకు ఒక ట్రాక్టరు గడ్డి ఎంతో నాకు తెలుసు. ముందు పశువు, తరువాతే గోడ. తగలబెట్టడానికి సిద్ధంగా ఉన్న గడ్డి గురించే నా మాట. మన ఊళ్లలో తిరిగే యంత్రాలు చాలావరకు గడ్డిని గుండ్రని చుట్టలుగా చుడతాయి. అవి గోడకు పనికిరావు, దొర్లుతాయి. పెట్టెల్లాగా కట్టే యంత్రం కావాలి.

ఆసక్తి ఉన్నవాళ్లు ఇల్లంతా కట్టి చూడనక్కరలేదు. పొలంలో మోటారు దగ్గర ఒక చిన్న కాపలా గది వేసుకునేవాళ్లు ఎందరో ఉంటారు. దాని పడమటి గోడ ఒక్కటి గడ్డికట్టలతో కట్టండి. రెండడుగుల అరుగు, మూడడుగుల చూరు, రెండు వైపులా ఎర్రమట్టీ సున్నమూ కలిపిన పూత. మిగతా మూడు గోడలు మామూలు ఇటుక. మే నెలలో రాత్రి పదింటికి ఒక చెయ్యి ఈ గోడకు, ఒక చెయ్యి ఆ గోడకు ఆనించి చూడండి. ఆ తరువాత ఒక వానాకాలం పూర్తిగా గడవనివ్వండి. గడ్డికట్టల తేమ చూసే పొడవాటి సూది యంత్రం దొరుకుతుంది. దీపావళి వెళ్లాక దాన్ని పూతకు చిన్న కన్నం చేసి లోపలికి గుచ్చండి. పైన ఒకచోట, కింద అరుగుకు దగ్గరగా మరోచోట. కింద కూడా 20 శాతం లోపే ఉంటే, ఆ గదికి రెండో గోడ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.